మస్టాంగ్‌కి చలికాలం టైర్లు: రిమ్ము చవగ్గా, రబ్బరు నికార్సుగా

ఫోర్డ్ మస్టాంగ్ కారు తయారయ్యేది మిషిగన్ రాష్ట్రం ఫ్లాట్ రాక్‌లో. ఏటా నాలుగైదు నెలలు రోడ్ల మీద ఉప్పు చల్లే ఊరది. అయినా అదే ఫ్యాక్టరీ నుంచి జీటీ పర్ఫార్మెన్స్ ప్యాక్ కారు (వీ8 ఇంజిన్ జీటీకి పెద్ద బ్రేకులు, వెడల్పు టైర్లు చేర్చిన రకం) వేసవి టైర్లతోనే బయటికొస్తుంది. డెట్రాయిట్, షికాగో, టొరొంటో, న్యూజెర్సీల్లో ఈ కారు కొనే మనవాళ్లలో చాలామందికి ఆ సంగతి మొదటి మంచు పడిన రోజు, అపార్ట్‌మెంట్ పార్కింగ్ ర్యాంపు సగంలో చక్రాలు గిర్రున తిరుగుతున్నప్పుడు తెలుస్తుంది.

వెనక చక్రాలతో నడిచే కారు మంచులో పనికిరాదనే మాట సగమే నిజం. అసలు తేడా టైరులో ఉంది. నాలుగు సరైన చలికాలం టైర్లు వేసిన మస్టాంగ్, మామూలు ఆల్ సీజన్ టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ బండి కంటే మంచు మీద నమ్మకంగా ఆగుతుంది, మలుపు తిరుగుతుంది. ఆల్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందడం, బండిని కదిలించడానికే సాయపడుతుంది, ఆపడానికి కాదు. ఈ వ్యాసం 2015 నుంచి 2023 దాకా వచ్చిన మస్టాంగ్‌ని పెట్టుకుని రాసినది. వేరే కారున్నవాళ్లు కొలతలు మార్చుకుంటే చాలు, లెక్క చేసే పద్ధతి ఒకటే.

ముందు రబ్బరు సంగతి. డిసెంబరు పొద్దున కొబ్బరినూనె సీసాలో ఏమవుతుందో తెలిసిందే కదా, వేసవి టైరు రబ్బరుకీ చలిలో దాదాపు అదే గతి. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే అది బిగుసుకుపోతుంది, పొడి రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది. −7 డిగ్రీల దగ్గరికొస్తే వేసవి టైరు నడపొద్దనీ, వంచితే ట్రెడ్ (రోడ్డుకి ఆనే పైభాగం) దిమ్మెలు పగలొచ్చనీ తయారీదార్లే హెచ్చరిస్తారు. ఒకసారి పగిలిన టైరు ఎండాకాలం వచ్చినా అతుక్కోదు. కాబట్టి ఇది మంచు పడే రోజుల గొడవ మాత్రమే కాదు, ఉష్ణోగ్రత గొడవ. చలికాలం టైరు రబ్బరు −20లో కూడా మెత్తగా ఉంటుంది. దాని దిమ్మెల నిండా బ్లేడుతో కోసినట్టుండే సన్నటి చీలికలు మంచు అంచుల్ని పట్టుకుంటాయి.

ఆల్ సీజన్ టైరు పక్కగోడ మీద ఎం+ఎస్ (బురద, మంచు అని అర్థం) అని ఉంటుంది, ఆ రెండక్షరాల్నీ నమ్ముకోకండి. ట్రెడ్ మీది గాళ్ల ఆకారం ఒక లెక్కకి సరిపోతే చాలు, మంచు మీద పరీక్ష లేకుండానే ఆ ముద్ర వేసుకోవచ్చు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచురేకు ఉన్న బొమ్మ. మంచు మీద నిజంగా పరీక్ష నెగ్గితేనే ఆ బొమ్మ వేస్తారు. క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఒంటారియోలో తప్పనిసరి కాదు గానీ, నాలుగు చలికాలం టైర్లు వేసినవాళ్లకి వాహన బీమా కంపెనీలు తగ్గింపు ఇవ్వాలనే నిబంధన 2016 జనవరి 1 నుంచి ఉంది. రశీదు దాచి ఏజెంటుకి ఫోన్ చెయ్యండి. అడగనిదే ఎవరూ గుర్తుచెయ్యరు.

రెండో జత రిమ్ములు ఎందుకు

చాలామంది మొదట చేసే పొరపాటు ఉన్న రిమ్ముల మీదే ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్పించడం. విప్పి, ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేసినందుకు షాపు నాలుగు టైర్లకి ఊరిని బట్టి సుమారు 100 నుంచి 150 డాలర్లు అడుగుతుంది. నవంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. పైగా 19 అంగుళాల రిమ్ముకి సన్నటి టైరు ఎక్కించిన ప్రతిసారీ రిమ్ము అంచు గీసుకుపోయే ప్రమాదం, టైరు అంచులోని తీగచుట్ట దెబ్బతినే ప్రమాదం ఉంటాయి. రోడ్డు ఉప్పు మీ అసలు రిమ్ముల్ని ఎలాగూ వదలదు. వాడిన రిమ్ములు నాలుగూ కలిపి 300 నుంచి 500 డాలర్లకి దొరికితే రెండో చలికాలం దాటేసరికి ఆ డబ్బు తిరిగొచ్చేస్తుంది. చక్రాలు మార్చుకునే పని ఇంటి ముందే ఒక గంట.

అందుకే బడ్జెట్ పంచుకునే తీరు ఇలా ఉండాలి: రిమ్ము ఎంత చవగ్గా దొరికితే అంత మంచిది, టైరు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఎక్కువమంది దీన్ని తలకిందులు చేస్తారు. నల్లటి కొత్త రిమ్ములకి 1,200 డాలర్లు పోసి, వాటిమీద పేరు తెలియని టైర్లు వేస్తారు.

రిమ్ము సైజు తేల్చేది బ్రేకు

చలికాలానికి ఎంత చిన్న రిమ్ము పడితే అంత లాభం. రిమ్ము చిన్నదైతే టైరు పక్కగోడ పొడుగవుతుంది, మార్చి నెల గుంతల్లో రిమ్ము వంగదు, టైరు ధర తగ్గుతుంది. కానీ బ్రేకు లోపల పట్టాలి. మస్టాంగ్‌లో ముందు బ్రేకు డిస్కులు మూడు సైజుల్లో ఉన్నాయి. మామూలు ఈకోబూస్ట్‌కి (నాలుగు సిలిండర్ల ఇంజిన్ రకం) 320 మిల్లీమీటర్లు. మామూలు జీటీకీ, ఈకోబూస్ట్ పర్ఫార్మెన్స్ ప్యాక్‌కీ 352. జీటీ పర్ఫార్మెన్స్ ప్యాక్‌కి 380, దానికి ఆరు పిస్టన్ల బ్రెంబో కంపెనీ క్యాలిపర్ (డిస్కుని నొక్కి పట్టే భాగం).

మామూలు ఈకోబూస్ట్ వాళ్లు అదృష్టవంతులు. 17 అంగుళాలు నిశ్చింతగా పడుతుంది, కంపెనీయే ఆ సైజు ఇచ్చింది: 17×7.5 అంగుళాల రిమ్ము, 235/55 ఆర్ 17 టైరు (వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 17 అంగుళాలు). మామూలు జీటీకి 18×8 రిమ్ము, 235/50 ఆర్ 18 టైరు. ఈకోబూస్ట్ పర్ఫార్మెన్స్ ప్యాక్‌కి డిస్కు సైజు ఇదే గనుక 18తో వెళ్లండి. 352 డిస్కుల కార్లకి 17 కోసం వెతికి అవస్థ పడకండి, మిగిలే నాలుగు డాలర్ల కోసం అన్ని తిప్పలు అక్కర్లేదు.

చిక్కంతా 380 డిస్కు దగ్గరే. 18 అంగుళాల రిమ్ముల్లో కొన్ని బ్రెంబో మీద పడతాయి, కొన్ని పడవు. అది సైజుని బట్టి కాదు, రిమ్ము ఆకుల (స్పోకుల) వంపుని బట్టి. లోపల చుట్టుకొలత సరిపోయినా ఆకు లోపలివైపు క్యాలిపర్ ముఖాన్ని గీరుతుంది. అమ్మేవాడు రాతపూర్వకంగా 380 బ్రెంబోకి సరిపోతుందని చెబితేనో, మీ కారుకే తొడిగి చేత్తో తిప్పి చూపిస్తేనో తప్ప కొనకండి. క్యాలిపర్‌కీ రిమ్ముకీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక చిట్కా: బ్యాలెన్సింగ్ బరువులు రిమ్ము లోపల అంటించే చోటు కూడా చూసుకోండి. ఖాళీ రిమ్ము హాయిగా తిరిగి, అంటించిన బరువు మాత్రం క్యాలిపర్‌కి తగిలి ఊడిపోవడం మామూలే. ఇంత తిప్పలెందుకనుకుంటే నాలుగు చక్రాలకీ 19×9 రిమ్ము, 255/40 ఆర్ 19 టైరు తీసుకోండి. టైరు ధర పెరుగుతుంది, తలనొప్పి తగ్గుతుంది.

నాలుగూ ఒకటే సైజు, కాస్త సన్నవి

జీటీ పర్ఫార్మెన్స్ ప్యాక్‌కి ముందు 255/40, వెనక 275/40. చలికాలానికి ఈ తేడా వద్దు. నాలుగూ ఒకే సైజైతే ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చుకోవచ్చు. వెనక చక్రాలతో నడిచే కారులో వెనకవే త్వరగా అరుగుతాయి కాబట్టి ఆ మార్పిడితోనే టైర్ల ఆయువు ఒక చలికాలం పెరుగుతుంది. ఇక వెడల్పు: మంచు మీద వెడల్పు టైరు తేలుతుంది, సన్నది కోసుకుని కిందికి దిగుతుంది. రోడ్డు మీద నీళ్లూ మంచూ కలిసిన చిత్తడిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. పొడి రోడ్డు మీద మలుపుల్లో కొంత చురుకుదనం పోతుంది. పోనివ్వండి, జనవరిలో దానితో పనిలేదు.

సైజు మార్చినా చక్రం మొత్తం ఎత్తు మారకూడదు. లెక్క తేలిక: టైరు వెడల్పుని దాని పక్కనున్న శాతంతో గుణించండి, రెట్టింపు చెయ్యండి, రిమ్ము అంగుళాల్ని 25.4తో గుణించి కలపండి. 235/50 ఆర్ 18 అంటే 117.5 రెండింతలు 235, దానికి 457.2 కలిపితే 692 మిల్లీమీటర్లు. 235/55 ఆర్ 17 లెక్క వేస్తే 690. అంటే రెండూ ఒకటే అనుకోవచ్చు. 225/55 ఆర్ 17 వేస్తే 679, సుమారు 1.6 శాతం తక్కువ. మీటరు 70 చూపించినప్పుడు మీరు నిజంగా వెళ్లేది 69 దగ్గర. 2 శాతం లోపు ఉంటే దిగులు లేదు, 3 దాటితే ఆ సైజు వదిలెయ్యండి. 225/55 ఆర్ 17 చాలా సెడాన్లకి వచ్చే సైజు గనుక మోడళ్లు ఎక్కువ, సెప్టెంబరు తగ్గింపు అమ్మకాల్లో చవగ్గానూ దొరుకుతుంది. రిమ్ము వెడల్పు కూడా కుదరాలి: 225/55 ఆర్ 17కి 6 నుంచి 8 అంగుళాలు, 235/50 ఆర్ 18కి 6.5 నుంచి 8.5, 255/40 ఆర్ 19కి 8.5 నుంచి 10.

డబ్బు కలిసొస్తుందని వెనక రెండిటికే చలికాలం టైర్లు వేయించేవాళ్లు ఉన్నారు. కారు బయల్దేరుతుంది, అందులో అనుమానం లేదు. సిగ్నల్ దగ్గర స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి, కారు మాత్రం నేరుగా పోతుంది. బ్రేకు పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. నాలుగూ కొనే స్తోమత ఈ ఏడాది లేకపోతే ఆ కారు గరాజులో ఉంచి ఇంట్లో రెండో బండి నడపడం మేలు.

హబ్ దగ్గర నాలుగు అంకెలు

హబ్ అంటే చక్రం కూర్చునే ఇరుసు చివర. మస్టాంగ్‌కి నట్ల అమరిక 5×114.3, అంటే 114.3 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు నట్లు. రిమ్ము మధ్య రంధ్రం 70.5 మిల్లీమీటర్లు. నట్టు ఎక్కే స్టడ్డు (బోల్టు) మర ఎం14×1.5. మామూలు 17, 18 రిమ్ముల ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత దూరమో) 44 మిల్లీమీటర్లు. ఈ నాలుగూ ఫోన్లో రాసి పెట్టుకుని బేరానికి వెళ్లండి.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడే చోటుంది. ఇంట్లో కామ్రీయో అకార్డో ఉంటుంది, దానికీ అమరిక 5×114.3యే. పాత కామ్రీ రిమ్ములు గరాజులో పడున్నాయి కదా, వేసేద్దాం అనిపిస్తుంది. పడవు. కామ్రీ మధ్య రంధ్రం 60.1, అకార్డ్‌ది 64.1, మస్టాంగ్ హబ్ 70.5. చిన్న రంధ్రంలోకి పెద్ద హబ్ దూరదు. సాన పట్టించి పెద్దది చేయిద్దామనే ఆలోచన కూడా వద్దు. వాటి స్టడ్డు 12 మిల్లీమీటర్లు, మీది 14. నట్లు కూర్చునే రంధ్రాలూ కలవవు.

తిరగేస్తే, రంధ్రం పెద్దదైతే పనికొస్తుంది. మార్కెట్లో చవక అల్లాయ్ రిమ్ములు చాలావాటికి 73.1 రంధ్రం ఉంటుంది, రకరకాల కార్లకి ఒకే పోత సరిపోవాలని. అప్పుడు 73.1 నుంచి 70.5కి తగ్గించే హబ్ రింగులు నాలుగు కొనాలి. అవి లేకుండా బిగిస్తే చక్రం నట్ల మీదే వేలాడుతుంది, 55, 60 మైళ్ల వేగం దగ్గర స్టీరింగు వణుకుతుంది, షాపువాడు నాలుగుసార్లు బ్యాలెన్సింగ్ చేసినా తగ్గదు. చలికాలానికి ప్లాస్టిక్ రింగులే తీసుకోండి. అల్యూమినియంవి చూడ్డానికి బాగుంటాయి గానీ ఉప్పునీటికి హబ్‌కి అతుక్కుపోయి ఏప్రిల్‌లో సుత్తికి పని కల్పిస్తాయి.

ఆఫ్‌సెట్ తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. ఉదాహరణకి 18×8, 44 బదులు 18×8.5, 35 వేశారనుకోండి. అర అంగుళం వెడల్పులో సగం, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు, బయటికి పెరిగింది. ఆఫ్‌సెట్ తేడా 9 దానికి తోడైంది. మొత్తం 15 మిల్లీమీటర్లు బయటికి. కారు గంభీరంగా కనిపిస్తుంది. ఉప్పు చిత్తడి మాత్రం నేరుగా తలుపుల రంగు మీదికి ఎగురుతుంది. చలికాలం రిమ్ముకి ఆఫ్‌సెట్ 38 నుంచి 45 మధ్య చూడండి.

ఎక్కడ కొనాలి, ఏం చూడాలి

అన్నిటికంటే మంచి బేరం కంపెనీ రిమ్ములే. కొత్త మస్టాంగ్ కొన్న వారానికే అసలు చక్రాలు తీసేసి 20 అంగుళాలవి వేసుకునే కుర్రాళ్లకి కొదవ లేదు. వాళ్లు తీసేసిన 18×8 జీటీ రిమ్ములు, 17×7.5 ఈకోబూస్ట్ రిమ్ములు వాడిన వస్తువుల సైట్లలో ఎప్పుడూ ఉంటాయి. హబ్ రింగులక్కర్లేదు, పాత నట్లే సరిపోతాయి, ఆఫ్‌సెట్ బెంగ లేదు. సెప్టెంబరు లోపల కొనండి. అక్టోబరు చివర మొదటి చలిగాలి తగలగానే ధర ఎక్కుతుంది.

చూడ్డానికి వెళ్లినప్పుడు ముఖం వైపు కాదు, లోపలివైపు చూడండి. గుంతలో పడితే ముందు వంగేది లోపలి అంచే. టార్చి వేసి అంచు చుట్టూ వేలు నడిపిస్తే వంపు చేతికి తెలుస్తుంది. ఆకు మొదట్లో వెంట్రుకంత గీత కనిపిస్తే అది బీట, వదిలెయ్యండి. వెల్డింగు చేసిన రిమ్ము ఎంత చవకైనా వద్దు. టైరు అంచు కూర్చునే చోట తెల్లగా పొంగిన తుప్పుంటే గాలి మెల్లగా దిగుతుంది. కొద్దిగా ఉంటే తీగ బ్రష్షుతో రుద్ది సరిచేయొచ్చు. కుదిరితే దగ్గర్లోని షాపులో బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పించి డబ్బివ్వండి.

కొత్తవే కావాలంటే ఎన్‌కై, కోనిగ్, కెనడాలో అయితే ఫాస్ట్ వీల్స్ వంటివాళ్ల పోత అల్లాయ్‌లు చాలు. మొత్తం రంగు పూసినవి తీసుకోండి. ముఖం చెక్కి మెరుగుపెట్టినవాటి మీద రాయి తగిలి పూత లేస్తే, దాని కింద ఉప్పు తెల్లటి పురుగుల్లా పాకుతుంది. క్రోము అసలొద్దు. వెనక పోతలో బరువు పరిమితి ఉంటుంది, అదీ చూడాలి. కారు ఖాళీగానే దాదాపు 1,700 కిలోలు. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ముందు, వెనక ఇరుసుల గరిష్ఠ బరువు రాసి ఉంటుంది, ఎక్కువదాన్ని తీసుకుని సగం చెయ్యండి. రిమ్ము పరిమితి అంతకంటే తగ్గకూడదు.

టైరు ఎంపిక

ఊరిని బట్టి రెండు దారులు. బఫెలో, మిన్నియాపొలిస్, మాంట్రియల్, డెట్రాయిట్ చుట్టుపక్కల అయితే గడ్డకట్టిన మంచు మీద పట్టుకోసం చేసిన రకం: బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజ్జాక్ డబ్ల్యూఎస్ 90, మిషెలిన్ ఎక్స్ ఐస్ స్నో, కాంటినెంటల్ వైకింగ్ కాంటాక్ట్ 7, నోకియన్ హక్కపెలిట్టా ఆర్ 5. ఇవి పొడి రోడ్డు మీద కాస్త జావగా అనిపిస్తాయి, స్టీరింగు తిప్పాక కారు ఒక క్షణం ఆలోచించి తిరుగుతుంది. రోడ్లు పొద్దున్నే శుభ్రం చేసేసే ఊళ్లలో, హైవే ప్రయాణం ఎక్కువైతే, మిషెలిన్ పైలట్ ఆల్పిన్ 5 లాంటి పర్ఫార్మెన్స్ వింటర్ రకం కారు స్వభావానికి దగ్గరగా ఉంటుంది. నున్నటి గడ్డమంచు మీద మాత్రం మొదటి రకమంత గట్టిగా పట్టుకోదు.

బడ్జెట్ బిగువైతే పెద్ద కంపెనీల రెండో బ్రాండ్లు చూడండి. జనరల్ ఆల్టిమ్యాక్స్ ఆర్కిటిక్ 12 కాంటినెంటల్ వాళ్లదే. ఫైర్‌స్టోన్ వింటర్‌ఫోర్స్ 2 బ్రిడ్జ్‌స్టోన్ వాళ్లదే. మంచులో పని బాగానే చేస్తాయి, చప్పుడు ఎక్కువ. న్యూజెర్సీ దక్షిణాన, వర్జీనియాలో ఏడాదికి నాలుగైదుసార్లే మంచు చూసేవాళ్లకి కొండ బొమ్మ ఉన్న ఆల్ వెదర్ రకం, మిషెలిన్ క్రాస్ క్లైమేట్ 2 లాంటిది, ఏడాది పొడుగునా ఉంచుకోవచ్చు. అప్పుడు రెండో జత గొడవే లేదు.

వేగం అక్షరం తగ్గినా బెంగపడక్కర్లేదు. ఆర్ అంటే గంటకి 170 కిలోమీటర్లు, టీ అంటే 190, హెచ్ అంటే 210. వేసవి టైరు మీద డబ్ల్యూ, వై చూసి అలవాటైనవాళ్లకి ఇది అవమానంగా ఉంటుంది గానీ, ఆ పరిమితి లోపల నడిపితే చాలు. బరువు అంకె మాత్రం కంపెనీ టైరు మీదున్నదానికి తగ్గకూడదు. 97 అంటే ఒక్కో టైరు 730 కిలోలు మోస్తుంది.

వాడిన చలికాలం టైర్లు చవగ్గా కనిపిస్తాయి. వాటిలో దాగిన మోసం ఇది: కొన్ని రకాల్లో, ముఖ్యంగా బ్లిజ్జాక్‌లలో, మంచుని పట్టే ప్రత్యేకమైన రబ్బరు పై సగంలోనే ఉంటుంది. అది అరిగాక కింద మిగిలేది మామూలు రబ్బరు. అమెరికాలో చాలాచోట్ల చట్టం ఒప్పుకునే కనీస లోతు అంగుళంలో 32 భాగాలకి 2. మంచులో 6 కంటే తగ్గితే దాన్ని చలికాలం టైరు అనుకోవద్దు. గుండు అయ్యేదాకా వాడే అలవాటు ఇక్కడ పనికిరాదు. పక్కగోడ మీద డాట్ అక్షరాల చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 3822 అంటే 2022లో 38వ వారం. ఆరేళ్లు దాటినది లోతు బాగున్నా వదిలెయ్యండి. మేకులున్న టైర్ల జోలికి పోకండి, దక్షిణ ఒంటారియోలో వాటికి అనుమతే లేదు.

గాలి సెన్సార్లు

అమెరికాలో 2008 మోడల్ నుంచి కార్లకి టైరు గాలి సెన్సార్లు తప్పనిసరి. రెండో జతకి సెన్సార్లు వేయించకపోతే డాష్‌బోర్డులో పసుపు దీపం చలికాలమంతా వెలుగుతూనే ఉంటుంది. దీపం వల్ల ప్రమాదం లేదు, నిజంగా గాలి దిగినప్పుడు చెప్పేవాడు లేకపోవడమే ప్రమాదం. టైర్లు ఎక్కించేటప్పుడే వేయిస్తే కూలి కలిసొస్తుంది. జత మార్చిన ప్రతిసారీ కారుకి కొత్త నంబర్లు నేర్పాలి. చేతిలో పట్టే చిన్న ట్రిగ్గర్ పరికరం చవకే. కారుని నేర్చుకునే స్థితిలో పెట్టి ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ, ఈ వరసలో వాల్వు పక్కన పెట్టి నొక్కుతూ వెళ్లండి, ఒక్కో చక్రానికీ హారన్ మోగుతుంది. వరస తప్పితే మొదటికే.

ఉష్ణోగ్రత 5.6 డిగ్రీల సెల్సియస్ తగ్గినప్పుడల్లా గాలి సుమారు 1 పీఎస్ఐ పడిపోతుంది. 20 డిగ్రీల షాపులో గాలి కొట్టించి −10లో బయటపెడితే 5 పీఎస్ఐ పోయినట్టే. తలుపు స్టిక్కరు మీదున్న అంకె బండి చల్లగా, బయట నిలబెట్టి ఉన్నప్పటి లెక్క. పొద్దునే, నడపకముందు కొలవండి.

బిగించేటప్పుడు

దీపావళి టపాసులు కాల్చే వారానికి చక్రాలు మారిపోవాలి. ఉగాది పచ్చడి తిన్నామని తీసెయ్యకండి, మిషిగన్‌లో ఏప్రిల్ మొదటి వారం మంచు వింతేమీ కాదు.

మస్టాంగ్ కిందికి మామూలు జాకీ దూరకపోవచ్చు. ముందు చక్రాల్ని రెండంగుళాల చెక్కల మీదికి ఎక్కించి అప్పుడు జాకీ తొయ్యండి. అంచు రేకు నలగకుండా గాడి ఉన్న రబ్బరు దిమ్మె వాడండి. నట్లు ఒక చుట్టు వదులు చెయ్యాల్సింది కారు నేల మీదున్నప్పుడే. చక్రం రాకపోతే కంగారు పడకండి, హబ్ తుప్పుకి అల్యూమినియం అతుక్కుంటుంది. రెండు నట్లు వదులుగా ఉంచి టైరు పక్కగోడని కాలితో తన్నితే వస్తుంది, కారు తప్పనిసరిగా స్టాండు మీద ఉండాలి. చక్రం తీశాక హబ్ ముఖాన్ని తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్దండి. మధ్య అంచుకి మాత్రమే పలచగా యాంటీ సీజ్ (లోహాలు అతుక్కోకుండా ఆపే) పూత. స్టడ్ల మర మీద నూనె, గ్రీజు ఏదీ వద్దు. జిడ్డు ఉంటే అదే బిగింపుకి స్టడ్డు మీద చాలా ఎక్కువ లాగుడు పడి సాగిపోతుంది.

నట్లు చేత్తో మొదలుపెట్టి, నక్షత్రం గీసే వరసలో, ముందు 80, తర్వాత 150 పౌండ్ అడుగులకి టార్క్ రెంచితో (బిగింపు బలం కొలిచే పానా) బిగించాలి. మామూలు పానా మీద నిలబడి బిగిస్తే అంకె తెలియదు. షాపులో గాలి గన్‌తో బిగిస్తుంటే చివరి బిగింపు చేత్తో చెయ్యమని అడగండి. 100 మైళ్ల లోపు మళ్లీ టార్క్ చూడాలి, కొత్త రిమ్ముకి రంగు పొర నలిగి నట్లు కాస్త వదులవుతాయి. పైన మెరిసే తొడుగున్న రెండు ముక్కల నట్లయితే ఈ సందర్భంలోనే ఒకే ముక్కగా చేసిన 20 నట్లు కొనెయ్యండి. తొడుగు కింద తేమ చేరి నట్టు ఉబ్బుతుంది, సాకెట్టు పట్టదు, రోడ్డు పక్కన చలిలో అది కనిపెట్టడం కంటే నరకం లేదు. టైరు మీద బాణం గుర్తుంటే కారు ముందుకెళ్లేటప్పుడు తిరిగే వైపుకే ఉండాలి. తిరగేసి బిగిస్తే గాళ్లు చిత్తడిని బయటికి నెట్టకుండా లోపలికి లాక్కుంటాయి.

మొదటి కొన్ని వందల మైళ్లు నెమ్మదిగా నడపండి, అచ్చులోంచి టైరు ఊడిరావడానికి పూసిన జిడ్డు అప్పటిదాకా పోదు. డ్రైవ్ మోడ్ స్నో/వెట్‌లో పెట్టండి. టైరు ఎంత మంచిదైనా కారు పొట్ట ఎత్తు ఐదున్నర అంగుళాలే. అంతకంటే లోతు మంచులోకి వెళ్తే చక్రాలు గాల్లో, కారు మంచు మీద.

బే ఏరియా నుంచి టాహో కొండలకి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియాలో మంచు రోడ్ల మీద ఆర్ 2 నియంత్రణ పెట్టినప్పుడు టైరు గొలుసులు లేకుండా వదిలేది మంచు టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లనే. మీ టైర్ల మీద కొండ బొమ్మ ఉన్నా మస్టాంగ్‌కి వెనక చక్రాలకి గొలుసులు వెయ్యాల్సిందే. టైరుకీ వంటికీ మధ్య చోటు తక్కువ కాబట్టి కారు మాన్యువల్‌లో ఏ సైజు టైరుకి గొలుసు ఒప్పుకున్నారో చూసి, సన్నటి ఎస్ తరగతివే కొనండి.

సుబారు బీఆర్‌జెడ్, టయోటా 86 వాళ్లకి ఇదంతా ఇంకా చవక. అమరిక 5×100, రంధ్రం 56.1, మర ఎం12×1.25. బ్రెంబో లేని కారుకి 16 అంగుళాల ఇంప్రెజా రిమ్ములు పడతాయి. 205/55 ఆర్ 16 ఎత్తు 632 మిల్లీమీటర్లు, అసలు 215/45 ఆర్ 17ది 625, తేడా ఒక శాతం పైచిలుకు. ప్రపంచంలో దాదాపు ప్రతి చలికాలం టైరూ దొరికే సైజు అది.

ఏప్రిల్‌లో తీసేటప్పుడు చక్రాల్ని లోపలివైపు కూడా కడిగి ఆరబెట్టండి. ఒక్కో దాని మీద టేపు అంటించి ఏ మూలదో, ట్రెడ్ లోతు ఎంతో రాయండి. రిమ్ముతో ఉన్నవి ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి, ఎండ తగలకుండా సంచుల్లో కట్టి పెట్టొచ్చు. వచ్చే సీజన్‌లో ఎక్కువ లోతున్న జత వెనక్కి వెళ్లాలి. బాణం గుర్తున్న టైర్లయితే ఎడమవి ఎడమకే, కుడివి కుడికే. టేపు మీద 6 కనబడితే ఆ వేసవిలోనే కొత్తవి వెతకడం మొదలుపెట్టండి.